పచ్చ పిల్లలు, పచ్చి పిల్లలు

మొఘల్‌పురాలో మా ఇంటికి వీధివైపు ఒక గది ఉండేది. తొంభైలలో అందులో సైకిళ్లుండేవి, రెండు వేలు దాటాక కంప్యూటర్లు వచ్చాయి. గోడలు అవే, పైన రేకులూ అవే. ఎండాకాలం మధ్యాహ్నం ఆ గది తలుపు తీస్తే గొలుసులకు వేసే నూనె వాసన వచ్చేది. కంప్యూటర్లు పెట్టాక కూడా వచ్చేది. ఆ వాసన తగిలితే మా ఆయన ఇప్పుడే ఏదో చక్రంలో గాలి చూసి, చేతులు తుడుచుకుంటూ లోపలికి వస్తున్నట్టే ఉండేది నాకు.

మా ఆయన గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చేవాడు. సెలవు రోజుల్లో గల్లీ పిల్లలంతా మా గడప ముందు గుమిగూడేవాళ్లు. చిన్న సైకిలు, నడిపి సైకిలు, పెద్ద సైకిలు అని వరుసగా నిలబెట్టి ఉండేవి. ప్రతి పిల్లవాడికీ పెద్దదే కావాలి.

"చాచా, నేను పెద్దది తొక్కుత," అనేవాడు ఒకడు.

"నీ కాళ్లెక్కడున్నయి, పెడలెక్కడుంది? ఇంకో బక్రీదు రానీ," అనేవాడు మా ఆయన.

కొందరికి రంజాను దాకా గడువు పెట్టేవాడు, కొందరికి బోనాల దాకా. పిల్లలు ఆ పండుగ కోసం ఎదురు చూసేవాళ్లు, బట్టల కోసం కాదు, సైకిలు కోసం. లోపల వంట చేసుకుంటూ నేను ఆ మాటలు వినేదాన్ని. మాకు పిల్లలు కలగలేదు. ఆ గొంతులే మా ఇంట్లో పిల్లల గొంతులు.

తర్వాత ఇంటింటికీ స్కూటర్లు వచ్చాయి, అద్దె సైకిళ్లు అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఆ తర్వాత మా ఆయన కూడా పోయాడు. జ్వరమని పడుకున్నవాడు లేవలేదు.

ఇంట్లో ఇద్దరం మిగిలాం, నేను, మా ఆయన చెల్లెలు. మా ఆడబిడ్డకు పెళ్లయింది కానీ పొసగలేదు, ఎప్పుడో తిరిగి అన్న దగ్గరికే వచ్చేసింది. ఆయన ఉన్నన్నాళ్లూ మా ఇద్దరి మధ్య మాటలు ఆయన మీదుగా నడిచేవి. ఆమె సంగతి ఆయన నాకు చెప్పేవాడు, నా సంగతి ఆమెకు చెప్పేవాడు. ఆయన పోయేసరికి ఆ దారి మూసుకుపోయింది. కొట్లాట ఏమీ లేదు. నల్లా వచ్చిందా, బియ్యం కడిగినవా, తలుపు వేసినవా, అంతే. రెండు గదుల్లో రెండు ఫ్యాన్లు తిరిగినట్టు తిరిగేవాళ్లం.

వీధి గదిని హుస్సేనీ ఆలం నుంచి వచ్చిన ఒక భాయ్‌కి కిరాయికిచ్చాం. ఆయన చెక్కలతో చిన్న చిన్న అరలు కట్టించి కంప్యూటర్లు పెట్టాడు. ఇంటర్నెట్ అని బోర్డు రాయించాడు. మా ఆడబిడ్డ పదో తరగతి చదివింది, టైపు నేర్చుకుంది. మధ్యాహ్నం భాయ్ భోజనానికి, నమాజుకు వెళ్లినప్పుడు ఆమె కూర్చుని చూసుకునేది. ఆ వేళకు గిరాకీ ఉండదు. ఎండకు గల్లీ అంతా కళ్లు మూసుకుని ఉంటుంది.

నాది మాదన్నపేట మార్కెట్లో గంప బేరం. ఎండాకాలం మామిడి, మిగతా రోజుల్లో కూరగాయలు. తెల్లవారుతూనే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేదాన్ని. అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉండేది, మాట్లాడబుద్ధి కూడా అయ్యేది కాదు. ఇంత తిని, లోపలి గదికీ వీధి గదికీ మధ్య గడప దగ్గర గోనెసంచి పరుచుకుని కూలర్ గాలికి ఒరిగేదాన్ని.

అలా ఒరిగి ఉన్నప్పుడు ఒకనాడు ఆడబిడ్డ గొంతు వినిపించింది.

"పైకి పో. ఇంకొంచెం పైకి పో బిడ్డా."

నేను లేచి చూశాను. గదిలో ఆమె తప్ప ఎవరూ లేరు. తెర మీద గుట్టలాగా ఒక గీత ఉంది. ఆ గీత మీద చిన్న చిన్న చుక్కలు చీమల్లా పాకుతున్నాయి.

"ఎవరితోని మాట్లాడుతున్నవే?"

"ఎవ్వరితోని లే, వదినె. సైకిళ్లు."

"ఏడున్నయి సైకిళ్లు?"

"గీ చుక్కలే."

నేను చాలాసేపు ఆ చుక్కల్ని చూశాను. నాకు రెండో తరగతి దాకానే చదువు. తెర మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కటి కూడా నాకు తెలియదు. కానీ గుట్ట ఎక్కడం తెలుసు. ఒక చుక్క వెనకబడితే నాకే ఆయాసం వచ్చినట్టయింది.

ఆమె మెల్లగా చెప్పింది. ఇది ఒక ఆట. సైకిళ్లు తొక్కేది మనం కాదు. మనకొక జట్టు ఉంటుంది, దాన్ని నడిపించడమే మన పని. ఎవడికి ఏ కసరత్తు చేయించాలి, ఎవణ్ణి ఏ పందేనికి పంపాలి, ఎవణ్ణి ఉంచుకోవాలి, ఎవణ్ణి విడిచిపెట్టాలి. ఏ దేశాల్లోనో కూర్చుని వేరే వాళ్లు వాళ్ల జట్లను నడుపుతుంటారు. మనకు కొన్ని నెలలు గడిస్తే ఆ ఆటలో ఒక ఏడాది గడుస్తుంది. దాన్ని వాళ్లు సీజన్ అంటారు. ప్రతి సీజన్ మొదట్లో చిన్న పిల్లలు కొందరు వచ్చి జట్టులో నిలబడతారు. అందరికీ చోటుండదు. విడిచిపెట్టినవాళ్లు ఇంకెవరి జట్టులోకో వెళ్లిపోతారు.

"నీకెట్ల దొరికిందే ఇది?"

"సైకిల్ బొమ్మ కనవడ్డది. నొక్కిన."

గోడకు మా ఆయన గాలి పంపు తగిలించే మేకు ఇంకా ఉంది. ఆమె అటు చూసింది. నేనూ చూశాను.

మర్నాడు నేను గోనెసంచిని గడప దాటించి వీధి గదిలోకి జరిపాను.

మా బావ, అంటే మా ఆయనకు, ఆమెకు కూడా పెద్దన్న, సిద్దిపేటలో ఉంటాడు. మా ఆయన సంవత్సరీకానికి వచ్చినప్పుడు, వచ్చినవాళ్లంతా తిని వెళ్లాక, చెల్లెల్ని పిలిచి కూర్చోబెట్టాడు.

"నువ్వింక ఈడెందుకే? మా దిక్కు స్కూల్ల కంప్యూటర్ మీద కూసునే మనిషి కావాలంటున్నరు. నేను మాట్లాడిన. బట్టలు సర్దుకో."

నేను విస్తరాకులు ఏరుతూ ఆగిపోయాను. ఆమె పోతే ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ మాట అనాలని నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆమె మా ఆయన చెల్లెలు, నాకు ఆయన వల్ల చుట్టం. ఆయనే లేనప్పుడు ఉండుమని ఏ నోటితో అడగాలి? తీసుకుపోవడానికి అన్నకు హక్కుంది. ఆపడానికి నాకేముంది?

ఆమె తల వంచుకునే చెప్పింది, "సీజన్ అయిపోనీ అన్నా. అయినంక వస్త."

బావ మూలనున్న నా గంపల వైపు చూశాడు. "మామిడి సీజనా. సరే, మృగశిర అయినంక వచ్చి తోల్కపోత."

బావ వెళ్లిపోయాక నేనే కదిలించాను. "మీ అన్నకు ఏ సీజనో చెప్పకపోతివి."

"ఆయన అడగకపాయె," అంది ఆమె, ఆకులు నా చేతిలోంచి తీసుకుంటూ.

ఆ ఆట ముచ్చట కాక మా మధ్య అంత పొడుగు మాటలు నడిచి ఏడాదయింది. ఆ రోజు నాకు అర్థమైంది, ఆ ఆట ఉన్నన్నాళ్లు ఈమె ఉంటుంది. అందుకే ఆ జట్టు నా జట్టు కూడా అయింది.

ఆ సీజన్ పిల్లలు వచ్చి నిలబడ్డ నాడు ఆమె నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది.

"గీల్ల పొటెన్షియల్ జూడాలె, వదినె."

"గదేందే?"

"అంటే, ఇప్పుడెట్లున్నడో కాదు. రేపు ఎంతటోడయితడో. గది మనకు చూపియ్యరు. అందాజ మీద పట్టాలె."

"కాయను జూసి పండు చెప్పుడు."

"ఆఁ, గంతే."

"గయితే నాకిడువు. పొద్దున లేస్తె నేను జేసేది గదే."

నిజంగానే నేను చేసేది అదే. తొడిమ దగ్గర భుజాలు నిండిన పచ్చికాయ గడ్డిలో వేస్తే తియ్యగా మాగుతుంది. భుజాలు నిండకముందే కోసినది ముడతలు పడి ఊరుకుంటుంది. రంగు తిరిగిన పండు చూడ్డానికి బాగుంటుంది కానీ రేపటికి మెత్తబడుతుంది. ఇంటికి తెచ్చుకోవలసింది పచ్చికాయనే. మా గంప పక్కన కూర్చునే ఆడవాళ్లెవరిని అడిగినా ఇదే చెప్తారు.

తెర మీద ఒక్కో పిల్లవాడి పేరు పక్కన చిన్న గీతలుండేవి. ఒకటి గుట్టలెక్కడానికి, ఒకటి చదును నేల మీద తొక్కడానికి, ఒకటి చివర్లో ఉరకడానికి. కొన్ని పచ్చగా, కొన్ని ఎర్రగా. అక్షరాలు రాకపోతేనేం, రంగులకు బడికి పోనక్కరలేదు.

"వీడెట్లున్నడే?"

"వీడు మంచిగ పచ్చగున్నడు."

"పచ్చిగుంటె ఉంచు. వాడు?"

"వాడు మొత్తం ఎర్ర, వదినె. ఒక్క గీత తప్పకుంట ఎర్ర."

"వద్దు. ఇడిసిపెట్టు."

"నేను గదే అనుకున్న."

ఇద్దరికీ ఒకేమాట తోచినందుకు ఇద్దరికీ సంతోషమైంది. ఆమె ఒక్కొక్క పేరు చదివేది, నేను ఉంచు అనో వద్దు అనో అనేదాన్ని. పేర్లు నా నోట తిరిగేవి కావు, అందుకని బొమ్మను చూసి మేమే పేర్లు పెట్టుకున్నాం. ఒకడు బుగ్గలోడు, ఒకడు నిద్రమొఖపోడు, ఒకడు పుల్ల. పుల్లకు మెడ సన్నగా, చెవులు విచ్చుకుని ఉండేవి. గీతలన్నీ ఎర్రగా ఉండేవి.

వాడి దగ్గర ఆమె చెయ్యి ఆగింది. "పాపం, మొఖం జూడు వదినె. బుక్కెడు బువ్వ దొరికినట్టు లేదు."

"మొఖం జూసి గంప నింపుతరా? ఇడిసిపెట్టు."

ఆమె నొక్కింది. పుల్ల వరుసలోంచి మాయమయ్యాడు. కింద ఉన్నవాళ్లు ఒక మెట్టు పైకి జరిగారు. తెర మీద వాడి గుర్తు కూడా మిగల్లేదు.

ఆ ఎండాకాలం మధ్యాహ్నాలు నాకు ఒకే మధ్యాహ్నంలాగా గుర్తున్నాయి. కూలర్ గడ్డి వాసన, దాని కింద పాత నూనె వాసన. రేకుల మీద పావురాల కాళ్ల చప్పుడు. భాయ్ సగం దించిన షట్టర్ కింద నుంచి పలకలాగా పడే ఎండ. ఆమె గొంతు మెల్లగా పందెం చెప్పేది. ఇప్పుడు వంతెన దాటిన్రు. ఇప్పుడు అడవి. ఇప్పుడు గుట్ట మొదలైంది, పైన మంచుంది. వింటూ వింటూ నాకు కన్ను మూతపడేది. అప్పుడు ఆ చుక్కలు పెద్దవయ్యేవి. వాటికి కాళ్లొచ్చేవి, చెవులొచ్చేవి. నేను ఎన్నడూ చూడని తెల్లటి కొండల మీది నుంచి మా పిల్లలు వరుసగా దిగి వచ్చేవాళ్లు. దిగి దిగి చార్మినార్ పక్కనుంచి తిరిగి, గాజుల దుకాణాల మధ్యలోంచి గంటలు కొట్టుకుంటూ మా గల్లీలోకి వచ్చేవాళ్లు. గడప ముందు మా ఆయన వంగి ఒక్కొక్క చక్రాన్నీ వేళ్లతో నొక్కి చూసి, పో, అనేవాడు. నేను నీళ్ల చెంబు పట్టుకుని నిలబడి ఉండేదాన్ని. ఎవరూ నీళ్లకు ఆగేవాళ్లు కాదు. అయినా నాకు బాధ ఉండేది కాదు. వెళ్తున్నారు కదా, అని ఉండేది.

సాయంత్రం అసర్ నమాజుకు అజాన్ వినిపించి మెలకువ వచ్చేది. కాసేపటికి భాయ్ వచ్చి, పిన్నీ, ఇవాళ ఎవరు గెలిచారని అడిగేవాడు.

"క్యా ఖాలా, ఆజ్ కౌన్ జీతా?"

"హమారే బచ్చే," మా పిల్లలేనని చెప్పేదాన్ని.

"మాషా అల్లా. ఖాలా కే బచ్చే అవ్వల్," అని నవ్వుతూ షట్టర్ ఎత్తేవాడు.

మొదట్లో నిజంగానే మా పిల్లలు ముందుండేవాళ్లు. బుగ్గలోడు రెండు పందేలు గెలిచాడు. నేను మార్కెట్లో పక్క గంప ఆమెకు కూడా చెప్పాను. ఏ ఊరి పోరడని అడిగింది. మా వాడే అన్నాను.

తర్వాత మెల్లమెల్లగా ఏదో జరిగింది. మా పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. మిగతా జట్ల పిల్లలు వారం వారం కొంచెం కొంచెం పెరుగుతున్నారు. మొదట వెనక ఉన్నవాళ్లు పక్కకు వచ్చారు, పక్కనున్నవాళ్లు ముందుకు పోయారు.

"ఎందుకు పెరుగుతలేరే మనోళ్లు?"

"ఏమో వదినె. మొన్న ఎంతున్నరో ఇయ్యాల గంతే."

"రోజు ముట్టి ముట్టి జూస్తున్నవేమో. ముట్టితె కాయ నల్లవడ్తది. గడ్డిల ఏసినట్టు జర ఊకె ఉండనీ."

ఆమె నా మాట విని కసరత్తులు ఆపింది. ఒక వారం అందరికీ విశ్రాంతి. వారం తర్వాత చూస్తే ఇంకా వెనకబడ్డారు. నిద్రమొఖపోడు చివరివాడిగా వచ్చాడు.

"పేరు పెట్టిందెవరు? నువ్వే," అంది ఆమె.

"పేరు నేను పెడితె నిద్ర నువ్వు నేర్పినవ్," అన్నాను నేను.

అలా నవ్వులాటగా అన్నాం గానీ ఇద్దరికీ లోపల గుబులుగానే ఉంది. జట్టు అడుగుకు చేరితే కింది వరుస పందేలకు తోసేస్తారట. ఆమె తెర ముందు కూర్చునే తీరు మారింది. ఇంతకు ముందు ముందుకు వంగి కూర్చునేది, ఇప్పుడు వెనక్కి ఆని చేతులు కట్టుకుంటోంది. ఒకనాడు అంది, "ఇగ దీంట్ల ఏమున్నది వదినె. అన్న వచ్చేలోపు బట్టలన్న ఉతుక్కుంట." మార్కెట్లో మామిడి తగ్గిపోతోంది. గంప అడుగున మచ్చలు పడ్డవి మిగులుతున్నాయి. మృగశిర ఇంక ఎంతో దూరంలో లేదని నాకు వాటిని చూస్తేనే తెలుస్తోంది.

మొదటి వాన పడిన మధ్యాహ్నం నేను తడిసి ఇంటికి వచ్చేసరికి ఆమె కేక వేసింది.

"వదినె, ఇటు రా. చెప్పులు తర్వాత ఇడువు."

తెర మీద గుట్ట నిటారుగా ఉంది. చుక్కలన్నీ కింద గుంపుగా ఉన్నాయి. ఒక్క చుక్క మాత్రం చాలా పైన, ఒంటరిగా పోతోంది.

"ఎవలే వాడు?"

"పుల్ల."

"మనం ఇడిసిపెట్టిన పుల్లనా?"

"వాడే. వేరేటోళ్లు తీసుకున్నరు. ఎట్ల పెరిగిండో జూడు."

నేను తడి కొంగుతోనే స్టూలు మీద కూర్చున్నాను. వాడు కొండకొమ్ము దాటేదాకా ఇద్దరం వాణ్ణే చూశాం. మా పిల్లలు ఎక్కడున్నారో ఆ గుంపులో వెతకనే లేదు.

"నాకొకటి సమజ్ గాదు," అన్నాను. "వాడు మాగినోడు గద. మాగినోడు రేపటికి మెత్తవడాలె. గుట్ట ఎట్లెక్కిండు?"

"మాగినోడెంది వదినె? వాడు ఉత్త లేతోడు. అన్ని గీతలు ఎర్రగుండె."

"ఎర్రగుంటె మాగినట్టే గద."

ఆమె నా వైపు తిరిగింది. "ఎర్రగుంటె బలం తక్కువున్నట్టు. ఇంక రావాలన్నట్టు. పచ్చగుంటె బలం నిండుగున్నట్టు. సిగ్నల్ లైటు లెక్క."

"మరి నువ్వే అంటివి గద, పచ్చిగున్నడు, పచ్చిగున్నడని."

"నేను పచ్చగున్నడన్న. పచ్చిగున్నడని ఎప్పుడన్న?"

రేకుల మీద వాన పడుతోంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

"అంటె నువ్వు రంగు చెప్పినవా?"

"ఆఁ. బలమున్నోళ్లను ఉంచుమంటున్నవనుకున్న. నువ్వేమనుకుంటివి?"

"నేను కాయనుకున్న."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయితె మనం ఇన్నొద్దులు పండ్లను తెచ్చి గడ్డిల మాగేసినమా వదినె?"

"లేత కాయలనేమో గల్లీల పారబోసినం."

మొదట ఆమె భుజాలు కదిలాయి. తర్వాత గొంతు వచ్చింది. ఆమె నవ్వు అచ్చం మా ఆయన నవ్వే, చివర్లో గుటక మింగినట్టు ఆగి మళ్లీ మొదలవుతుంది. ఆ ఇంట్లో ఆ చప్పుడు విని ఎన్నాళ్లయిందో. నాకూ ఆగలేదు. నా బొంగురు గొంతుతో నవ్వితే దగ్గినట్టుంటుంది, అది చూసి ఆమె ఇంకా నవ్వింది. నా తడి కొంగు పట్టుకుని కళ్లు తుడుచుకుంది. భాయ్ గొడుగు ముడుస్తూ లోపలికి వచ్చి నిలబడిపోయాడు.

"క్యా హువా ఖాలా?"

"కుచ్ నై, భాయ్. ఆమ్ కీ బాత్," మామిడికాయల ముచ్చటేనన్నాను.

ఆ సీజన్ మాకు అడుగునే ముగిసింది. కింది వరుసకు తోసేశారు. కానీ మర్నాడే కొత్త పిల్లలు వచ్చి నిలబడ్డారు, మేము ఈసారి ఎర్రవాళ్లనే ఏరాం. ఎర్రవాళ్లలో కూడా వట్టి తాలు కాయలుంటాయి కదా. ఎవడు నిలుస్తాడో తెలియడానికి ఆమె ఆ ఆటలోని వేరే దేశాల వాళ్లను ఇంగ్లీషులో రాసి అడిగింది. వాళ్లు రాసిన జవాబులు చదివి, మళ్లీ రాసింది. ఆమె వేళ్లు ఆ మీటల మీద వాన చినుకుల్లా పడుతున్నాయి. చదువుతున్నప్పుడు పెదవులు కదులుతున్నాయి, ముందుకు వంగి కూర్చుంది. నేను పిల్లల్ని చూడటం మానేసి ఆమెను చూస్తూ కూర్చున్నాను.

"వదినె," అంది తెర మీంచి చూపు తిప్పకుండానే. "అన్న వస్తె నేను రానని చెప్త. వీళ్లు పెరగాలంటె శాన టైం పడ్తది. ఏమంటవ్?"

ఎండాకాలమంతా నేను వినాలనుకున్న మాట అదే. దాన్ని ఆమే అనేసింది. నేను ఊఁ అంటే చాలు, అయిపోయేది. నా నోరు తెరుచుకుంది కూడా. కానీ ఆమె మెడ కింద చెమట, ఆ వేళ్లు, ఆ వంగిన వీపు కనబడుతున్నాయి. ఈ మధ్యాహ్నం గిరాకీ లేని గదిలో కాపలా కూర్చునే పనికి ఆ వేళ్లు చాలా ఎక్కువ అనిపించింది.

"నువ్వెట్లున్నవో తెలుసానె?" అన్నాను.

"ఎట్లున్న?"

"ఎర్రగున్నవు. మొత్తం ఎర్ర. పో."

ఆమె చెయ్యి మీటల మీద ఆగిపోయింది. కుర్చీ తిప్పుకుని అంది, "నేను పోతె నీకెవలున్నరు?"

"గీల్లున్నరు గద." తెర చూపించాను.

"నీకు నొక్కుడు రాదు."

"నేర్పు."

నేర్పింది. లోపలికి పోవడానికి ఒక మాట కొట్టాలి, అది మా ఇద్దరికే తెలియాలి. అక్షరాలు నాకు రావు కాబట్టి ఆకారాలు నేర్పింది. మొదటిది కొక్కెంలా ఉంటుంది. తర్వాతది కుండ. తర్వాత రెండు కాళ్ల మీద నిలబడ్డది. తప్పు నొక్కితే నా వేలి మీద చిన్నగా కొట్టేది. "మామిడి పండు కాదు వదినె, గట్ల పిసకకు." చివరికి కళ్లు మూసుకున్నా నా వేలు సరిగా పడే దాకా వదల్లేదు.

బావ వచ్చేసరికి ఆమె బట్టలు సర్దుకుని గడపలో కూర్చుని ఉంది. బావకు నమ్మకం కలగలేదు.

"మొన్న సీజన్ అయిపోనీ అంటివి. ఇప్పుడు గింత జల్ది తయారైనవేంది?"

"వదినె పొమ్మన్నది."

బావ నా వైపు చూశాడు. "ఏం మరదలా, కొట్లాడుకున్నరా?"

"లేదు బావా. నవ్వుకున్నం."

ఆయన ఏమీ అర్థం కాక సంచి ఎత్తుకున్నాడు. ఆటో గల్లీ మలుపు తిరిగే దాకా ఆమె తల బయటపెట్టి చూస్తూనే ఉంది.

తర్వాతి మధ్యాహ్నాలు ఎలా ఉంటాయని నేను భయపడ్డానో అలాగే ఉన్నాయి. ఇంట్లో ఒకే ఫ్యాను తిరిగేది. ఒక పూట వండింది రెండు పూటలూ తినేదాన్ని. తిన్నాక వీధి గదిలోకి వెళ్లి, చివరి అరలో కూర్చుని, కొక్కెం, కుండ, రెండు కాళ్లది అనుకుంటూ నొక్కేదాన్ని.

"ఖాలా, ఆహిస్తా. బటన్ టూట్ జాతా," మీట విరుగుతుంది, మెల్లగా అనేవాడు భాయ్ వెనకనుంచి.

తెర తెరుచుకుంటే పిల్లలు వరుసగా ఉండేవాళ్లు. ఏం రాసి ఉందో నాకు తెలియదు. కానీ నిన్న అడుగున ఉన్నవాడు ఇవాళ పైన ఉంటే, సిద్దిపేటలో కూర్చుని ఆమె చెయ్యి వేసిందని తెలిసేది. ఎర్ర గీతల చివర కొంచెం రంగు తిరుగుతున్నట్టుంటే వేలితో తెర మీద తడిమి చూసేదాన్ని. నేను ఏదీ మార్చేదాన్ని కాదు. చూసి, అందరూ ఉన్నారనుకుని, లేచేదాన్ని.

ఒకనాడు చూస్తుండగానే పిల్లలంతా మాయమయ్యారు. తెర మీద మొదటి పేజీ వచ్చి నిలబడింది, మళ్లీ మాట అడుగుతూ. నా చేత్తో ఏదో పాడైందనుకున్నాను. భాయ్‌ని పిలిచాను. ఆయన వంగి చూసి నవ్వాడు.

"కుచ్ నై టూటా ఖాలా. ఉధర్ కోయీ ఔర్ ఖోలా. ఏక్ టైమ్ పే ఏకీచ్ జనా."

నాకు మెల్లగా తలకెక్కింది. ఒకసారికి ఒకరే. అక్కడ ఆమె తెరిచింది, అందుకని ఇక్కడ నాది మూసుకుంది. అంటే ఈ నిమిషాన ఆమె స్కూలు పని అయిపోయి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ముందుకు వంగి కూర్చుని ఉంది.

నేను మళ్లీ కొక్కెం, కుండ నొక్కి లోపలికి వెళ్లాను. పిల్లలు కనబడ్డారు. అక్కడ ఆమెది మూసుకుపోయి ఉంటుంది. కొంచెంసేపటికి నాది మళ్లీ మూసుకుంది. ఎవరో తనను బయటికి తోశారని ఆమెకు తెలిసే ఉంటుంది, ఎవరో కూడా తెలిసే ఉంటుంది. నేను మళ్లీ తెరిచాను. ఆమె మళ్లీ మూసింది. ఒక తలుపును అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు తోసుకుంటున్నట్టు కాసేపు ఆడుకున్నాం. అరలో ఒక్కదాన్నే కూర్చుని నవ్వుతుంటే భాయ్ తొంగి చూసి వెళ్లాడు.

ఆఖరికి నేనే ఆగాను. పిల్లలకు ఆమె చెప్పాల్సినవి చాలా ఉంటాయి. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ మూసుకున్న పేజీనే చూస్తూ కూర్చున్నాను. అజాన్ అయింది, షట్టర్ కింది ఎండ గోడెక్కింది. పేజీ మూసుకునే ఉంది. లోపల ఆమె ఉంది.